బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం: ఫార్మాట్ చేసేముందు స్ట్రైప్ లెక్క చూసుకో

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పది డిస్కులతో రెయిడ్-6 (డిస్కుల్ని ఒకటిగా కట్టి, రెండు చెడినా డేటా నిలబెట్టే ఏర్పాటు) కడుతున్నావట, దాని మీద లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 ట్యూనింగ్ కూడా నీకే అప్పజెప్పారట. మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా ఉందో అంత దిగులుగానూ ఉంది. నీ తెలివి మీద అనుమానంతో కాదు. ఈ పనిలో తప్పు జరిగితే ఎర్రర్ రాదు, డేటా పోదు. సర్వర్ ఏళ్ల తరబడి నీరసంగా నడుస్తుంది, అందరూ డిస్కుల్ని తిడుతుంటారు.

తేలికవి ముందు. డిస్కుల మీద పార్టిషన్లు 2048వ సెక్టార్ నుంచి, అంటే 1 మెగాబైట్ దగ్గర, మొదలవ్వాలి. పాతరోజుల్లో 63వ సెక్టార్ నుంచి మొదలయ్యేవి. అది 31.5 కిలోబైట్లు, ఏ చంక్‌తోనూ (ఒక్కో డిస్కు మీద ఒక వంతుగా పడే డేటా ముక్క) పొసగేది కాదు. ఎండీ (లినక్స్ సొంత సాఫ్ట్‌వేర్ రెయిడ్) డివైస్ మీద మాత్రం మళ్లీ పార్టిషన్ పెట్టకు, నేరుగా దాని మీదే ఫార్మాట్ చెయ్యి.

ఇక అసలు సంగతి. చంక్ 512 కిలోబైట్లు, ఫైల్ సిస్టమ్ బ్లాక్ 4 కిలోబైట్లు. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే 128, అది స్ట్రైడ్. స్ట్రైప్ అంటే అన్ని డిస్కుల మీదా ఒక వరసలో పడే చంకులు. స్ట్రైప్ విడ్త్ అంటే స్ట్రైడ్‌ని డేటా డిస్కులతో గుణించడం. డేటా డిస్కులు! పది కాదు తల్లీ, ఎనిమిది. రెండు డిస్కుల జాగా ప్యారిటీకి, అంటే డిస్కు చెడితే డేటా తిరిగి కట్టే లెక్కకి, పోతుంది. ప్యారిటీ అన్ని డిస్కుల మీదా తిరుగుతుంటుంది కాబట్టి "పదీ డేటా డిస్కులేగా" అనిపిస్తుంది. ఎన్నాళ్లుగానో జనం పడుతున్న గుంట ఇదే. ఒక్కో స్ట్రైప్‌లో ఎప్పుడు చూసినా డేటా చంకులు ఎనిమిదే. 128 ఇంటూ 8, 1024 బ్లాకులు, 4 మెగాబైట్లు.

పదితో గుణించి 1280 ఇచ్చావనుకో, ఫార్మాట్ చేసే మేక్‌ఎఫ్‌ఎస్ మారు మాట్లాడకుండా రాసేసుకుంటుంది. అప్పుడు ఫైల్ సిస్టమ్ దృష్టిలో స్ట్రైప్ మొదళ్లు 0, 5, 10, 15, 20 మెగాల దగ్గర. డిస్కుల మీద నిజంగా ఉన్నవి 0, 4, 8, 12, 16, 20. రెండూ కలిసేది 20 మెగాలకోసారి. 5 దగ్గర మొదలైన 4 మెగాల రాతని చూడు: ఒక స్ట్రైప్‌లో మూడు మెగాలు, పక్కదాంట్లో ఒక మెగా. రెండూ అరకొర స్ట్రైపులే. పూర్తి స్ట్రైప్ చేతికొస్తే ఎండీ మెమరీలోనే ప్యారిటీ కట్టి పది డిస్కులకీ ఒక్కసారే రాసేస్తుంది. అరకొరైతే ముందు డిస్కుల నుంచి పాతది చదవాలి, ప్యారిటీ మళ్లీ కట్టాలి, అప్పుడు రాయాలి. చిన్న రాతకైతే పాత డేటా, రెండు ప్యారిటీలు కలిపి మూడు రీడ్లు, మళ్లీ మూడు రైట్లు. ఒక్క రాతకి ఆరు పనులు.

దీన్ని పట్టుకునే గుర్తు ఒకటుంది. పెద్ద ఫైల్ రాయిస్తూ, డిస్కుల చదువు-రాతలు చూపే ఐఓస్టాట్‌లో డిస్కుల వరస చూడు. రాత మాత్రమే నడుస్తుండగా రీడ్లు ఆగకుండా కనిపిస్తే అలైన్‌మెంట్ తప్పిందేమో చూసుకో. మొదటి సింక్ (కొత్తగా కట్టిన డిస్కుల ప్యారిటీ సరిచేసే పని) పూర్తయ్యేదాకా మాత్రం ఏ కొలతా నమ్మకు. లెక్క తప్పిందని తేలితే మళ్లీ ఫార్మాట్ అక్కర్లేదు. ఫైల్ సిస్టమ్ సెట్టింగులు మార్చే ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో విడ్త్ మార్చి, అన్‌మౌంట్ చేసి మౌంట్ చెయ్యి. కాకపోతే పాత ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి, కొత్త కేటాయింపులే దారిలో పడతాయి.

ఎండీ అయితే మేక్‌ఎఫ్‌ఎస్ కెర్నెల్‌ని అడిగి ఈ అంకెలు తనే వేసుకుంటుంది. ఎక్కడో దొరికిన కమాండ్‌లోని నంబర్లు అతికించి దాని నోరు నొక్కకు, చెబుతున్నా. రెయిడ్ కార్డు వెనక ఉంటే చాలాసార్లు ఆ వివరం కెర్నెల్‌కి అందదు, చేత్తో ఇవ్వక తప్పదు. అక్కడ ఇంకో చిక్కు: కొన్ని కార్డులు ఒక్క డిస్కు వాటానే స్ట్రైప్ సైజ్ అంటాయి. మాన్యువల్ చదివాకే గుణించు.

రాత ఇంకా మందంగా ఉంటే స్ట్రైప్ క్యాష్ (ఎండీ స్ట్రైపుల్ని కూర్చుకునే మెమరీ) 256 నుంచి 4096కి పెంచి చూడు. పది డిస్కులకి 160 మెగాల ర్యామ్ తింటుంది, పరవాలేదు. బ్యారియర్లు (రాతలు సరైన వరసలో డిస్కుకి చేరేలా చూసేవి) మాత్రం ఎవరు చెప్పినా ఆపకు. నా భయమంతా అదే. కరెంటు పోయిన క్షణాన వేగం ఎవరికీ గుర్తుండదు, జర్నల్ (ఫైల్ సిస్టమ్ తన మార్పులు రాసుకునే చిట్టా) చెడిందా లేదా అన్నదే మిగులుతుంది. డేటాబేస్ చిన్నచిన్న రాతలే ఎక్కువైతే ఈ లెక్కలేవీ కాపాడలేవు, దానికి రెయిడ్-10 (ప్యారిటీ లేకుండా జంట కాపీలతో నడిచేది) వేరే అడుగు. మొహమాటపడకు.

రేపెప్పుడైనా డిస్కులు కలిపి పన్నెండు చేస్తే విడ్త్ 1280 అవుతుంది. ఎరే (డిస్కుల కట్ట) పెరిగినా, ఫైల్ సిస్టమ్ తన వివరాలు దాచుకునే సూపర్‌బ్లాక్‌లో పాత అంకే ఉంటుంది, నువ్వే మార్చాలి.

ఫార్మాట్ కొట్టేముందు ఎండీఆడమ్ (ఎండీని నడిపే కమాండ్) చూపే వివరాలు, నువ్వు వేసిన లెక్క నాకు పంపు. రాత్రి ఎంతైనా సరే, చూసి చెబుతాను. అన్నం తిని కూర్చో.

మీ పెద్దమ్మ