ఒకే ట్రైన్, ఒకే సీటు, రెండు టికెట్లు: యూకే రైలు ఛార్జీల మీద టెక్ సందేహాలు

బ్రిస్టల్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నానండి. పొద్దున పూట లండన్‌లో ఇంటర్వ్యూ పడింది, టికెట్ రేటు చూస్తే కళ్ళు తిరిగాయి. మా రూమ్మేట్ ఏమో అదే ట్రైన్‌కి రెండు టికెట్లుగా తీసుకో, చవకగా వస్తది అంటున్నాడు. ఇది లీగలేనా? ఏ యాప్ వాడాలి?

లీగలేనండి, భయపడక్కర్లేదు. దీన్ని అక్కడ స్ప్లిట్ టికెటింగ్ అంటారు. నేషనల్ రైల్ కండిషన్స్ ఆఫ్ ట్రావెల్ అని రూల్స్ ఉన్నాయి, ఒక ప్రయాణానికి ఒకటికి మించి టికెట్లు కలిపి వాడుకోవచ్చని వాటిలోనే రాసుంది. షరతల్లా ఏంటంటే ఒక టికెట్ అయిపోయి రెండోది మొదలయ్యే స్టేషన్లో మీరెక్కిన ట్రైన్ ఆగాలి. మీరు దిగక్కర్లేదు, సీట్లోంచి లేవక్కర్లేదు, ట్రైన్ ఆగితే చాలు.

మనకిది వింతగా అనిపిస్తుంది, ఎందుకంటే మన రైల్వేలో ఛార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది, అదీ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి పడే రేటు తగ్గుతూ వస్తుంది కాబట్టి ఒక ప్రయాణాన్ని రెండు ముక్కలు చేస్తే మామూలుగా ఎక్కువే పడుతుంది. బ్రిటన్‌లో లెక్క వేరు. ఈ స్టేషన్ నుంచి ఆ స్టేషన్‌కి ఇంత అని జత జతకీ విడిగా ధర ఉంటుంది, 1993 రైల్వేస్ చట్టం తర్వాత బ్రిటిష్ రైల్‌ని విడగొట్టి ప్రైవేటుకి ఇచ్చినప్పుడు ఒక్కో రూటు ధర పెట్టే పని ఒక్కో కంపెనీకి వెళ్ళింది. ముక్కల ధరలు కూడితే మొత్తం ధర రావాలన్న రూలేం లేదు. ఊరికే లెక్క కోసం అనుకుందాం, ఇక్కణ్ణుంచి చివరిదాకా 60 పౌండ్లు, మధ్య స్టేషన్ దాకా 22, అక్కణ్ణుంచి చివరికి 18. అదే ట్రైన్, అదే సీటు, 20 పౌండ్లు మిగిలాయి.

దీనికి తోడు పీక్ టైము గొడవ ఒకటుంది. పొద్దున రష్‌లో బయల్దేరే ట్రైన్‌కి మొత్తం దూరానికీ ఏ టైములోనైనా చెల్లే ఖరీదైన ఎనీటైమ్ టికెట్ కావాలి, ఆ ట్రైన్ సగం దారిలోకి వచ్చేసరికి రష్ టైము అయిపోయినా సరే. ముక్కలు చేస్తే రెండో ముక్కకి రష్ లేని టైముకి చెల్లే చవక ఆఫ్‌పీక్ టికెట్ సరిపోయే అవకాశం ఉంటుంది. మీ రూట్లో డిడ్‌కాట్ పార్క్‌వే అనే స్టేషన్ ఈ విషయంలో ఏళ్ళుగా పేరు మోసింది. కాకపోతే లండన్ ట్రైన్లన్నీ అక్కడ ఆగవు, ఆగే ట్రైన్ చూసుకునే ఎక్కండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

యాప్‌ల సంగతికొస్తే ట్రెయిన్‌స్ప్లిట్, స్ప్లిట్ మై ఫేర్ లాంటివి ఈ ముక్కల్ని వెతికి పెడతాయి, ట్రెయిన్‌లైన్ యాప్‌లో స్ప్లిట్‌సేవ్ పేరుతో వస్తుంది. వీటిలో కొన్ని బుకింగ్ ఫీజు తీసుకుంటాయి, కొన్ని మీకు మిగిలిన దాంట్లో వాటా తీసుకుంటాయి. నేనైతే ఏం చెప్తానంటే యాప్‌లో ఎక్కడ విడగొట్టాలో చూసుకోండి, ఆ ముక్కల్ని ట్రైన్ కంపెనీ సొంత వెబ్‌సైట్లో విడివిడిగా కొనుక్కోండి, అక్కడ బుకింగ్ ఫీజు ఉండదు, పైగా ఏ కంపెనీ సైట్లో అయినా మిగతా కంపెనీల టికెట్లు కూడా దొరుకుతాయి. ఇంకా లోతుగా చూడాలనుకుంటే బీఆర్‌ఫేర్స్ అని ఒక సైట్ ఉంది, రెండు స్టేషన్ల పేర్లు కొడితే ఆ జతకి ఉన్న టికెట్ రకాలన్నీ, ఏది ఏ టైముకి చెల్లుతుందన్న దాంతో సహా చూపిస్తుంది. చూడ్డానికి పాతకాలం సైట్‌లా ఉంటుంది గానీ నాకు వీటన్నిటికన్నా అదే ఇష్టం.

ఫోన్ విషయంలో రెండు జాగ్రత్తలు. ఒక్కో ముక్కకీ ఒక్కో బార్‌కోడ్ వస్తుంది, ఎక్కేచోట గేటుకి మొదటి టికెట్, దిగేచోట గేటుకి చివరి టికెట్ చూపించాలి, తప్పుది పెడితే గేటు తెరుచుకోదు, అందుకని ముందే వరసలో పెట్టుకోండి. రెండోది, అన్నిటినీ ఫోన్ వాలెట్లోకో పీడీఎఫ్‌గానో దించుకోండి, దారిలో సిగ్నల్ పోయే చోట్లు చాలా ఉంటాయి. ఛార్జింగ్ అయిపోతే మీ దగ్గర టికెట్ లేనట్టే లెక్క.

ట్రైన్ లేటైతే రెండు టికెట్లున్నాయి కదా పరిహారం రాదేమో అని చాలామంది అనుకుంటారు, అలా ఏం లేదు. మొత్తాన్ని ఒకే ప్రయాణంగా చూస్తారు, డిలే రీపే (ఆలస్యానికిచ్చే పరిహారం) అడిగేటప్పుడు టికెట్లన్నీ కలిపి జత చేయండి.

ఇన్‌కాగ్నిటోలో చూస్తే టికెట్ తక్కువకి వస్తుందా? నేను పొద్దున చూసిన రేటు సాయంత్రానికి పెరిగింది, యాప్ నన్ను కనిపెట్టేసిందా?

లేదండీ. అక్కడ అడ్వాన్స్ టికెట్లకి, అంటే ముందుగా ఫలానా ట్రైన్‌కే అని కొనే చవక టికెట్లకి, మెట్లు మెట్లుగా ధరలు, ఒక్కో మెట్టుకి ఇన్ని టికెట్లని కోటా ఉంటాయి, ఏ యాప్ అయినా ఆ కోటాలోంచే అమ్మాలి. పొద్దున్నుంచి సాయంత్రంలోపు ఆ మెట్టు టికెట్లు అయిపోయాయి, పై మెట్టు కనిపించింది, అంతే. కుకీలు తుడుచుకుంటూ కూర్చునే టైములో టికెట్ కొనేయడం మేలు.

ఈ కోటాలోనే ఇంకో సంగతి ఉంది, ఇది చాలామందికి తెలీదు. మీరు నలుగురు కలిసి బుక్ చేస్తున్నారు, చవక మెట్టులో రెండే మిగిలాయనుకోండి, సిస్టమ్ నలుగురికీ పై మెట్టు రేటే చూపిస్తుంది. అందుకని ముందు ఒక్కరికి వెతికి చూడండి, తక్కువ రేటు కనిపిస్తే ఇద్దరు ఇద్దరుగా కొనండి. సీట్లు దూరం దూరంగా పడొచ్చు. ఇంకోటి, ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి ఆఫ్‌పీక్‌లో వెళ్తే చాలా కంపెనీల్లో గ్రూప్‌సేవ్ కింద మూడో వంతు తగ్గుతుంది, రైల్‌కార్డు (డబ్బు కట్టి తీసుకునే డిస్కౌంట్ కార్డు) కూడా అక్కర్లేదు. రెండూ పోల్చి చూసుకోండి.

మా సీనియర్ ఒకాయన ఎక్కే స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కి ఒక టికెట్, దిగే స్టేషన్ ముందు స్టేషన్ నుంచి ఇంకో టికెట్ కొంటాడు, రెండు గేట్లూ తెరుచుకుంటాయి, మధ్యలో ఎవరూ చెక్ చేయరు అంటాడు. ఇది కూడా స్ప్లిటింగే కదా?

కాదు కాదు. దయచేసి ఇది చేయొద్దు. స్ప్లిట్ టికెటింగ్‌లో ముక్కలన్నీ కలిపితే దారి మొత్తం నిండాలి, మధ్యలో ఖాళీ ఉంటే అది టికెట్ లేని ప్రయాణం. దీనికి అక్కడ డోనట్టింగ్ అని పేరు కూడా ఉంది, రైలు కంపెనీలకి ఇది బాగా తెలిసిన మోసం, ఈ-టికెట్ ఎక్కడ ఏ టైముకి స్కాన్ అయిందో రికార్డు ఉంటుంది, ఒక అకౌంట్లో నెలల తరబడి అలాంటి జతలే కనిపిస్తే వెనక్కి వెళ్ళి మొత్తం తవ్వుతారు. ఇంగ్లండ్‌లో 2023 జనవరి నుంచి పెనాల్టీ ఫేర్ 100 పౌండ్లు ప్లస్ ఛార్జీ, 21 రోజుల్లో కడితే 50 ప్లస్ ఛార్జీ, అది చిన్న విషయం. కావాలని ఎగ్గొట్టినట్టు తేలితే 1889 నాటి రెగ్యులేషన్ ఆఫ్ రైల్వేస్ చట్టం కింద కోర్టు దాకా వెళ్తుంది, శిక్ష పడితే క్రిమినల్ రికార్డు, దాన్ని తర్వాత వీసా ఫారాల్లో చెప్పుకోవాలి. అప్పు చేసి చదువుకోడానికి వెళ్ళిన పిల్లలు పది పౌండ్ల కోసం ఇందులో ఇరుక్కోకూడదని నా బాధ. మీ సీనియర్‌కి కూడా చెప్పండి.

అలాగే అడ్వాన్స్ టికెట్ మీద ముందు స్టేషన్లో దిగిపోవడం కూడా కుదరదు, దూరపు ఊరి టికెట్ చవకగా ఉందని కొని మధ్యలో దిగితే అదనంగా కట్టమంటారు. ఎనీటైమ్, ఆఫ్‌పీక్ టికెట్ల మీదైతే మామూలుగా మధ్యలో దిగొచ్చు.

నాకు 28 ఏళ్ళు, ఫుల్‌టైమ్ స్టూడెంట్‌ని. 16-25 రైల్‌కార్డు రాదు కదా?

వస్తుందండి, 26 దాటినా ఫుల్‌టైమ్ చదువుతుంటే కాలేజీ ప్రూఫ్‌తో ఇస్తారు. అప్పుడు స్ప్లిట్ ముక్కలన్నిటి మీదా మూడో వంతు తగ్గుతుంది, కాకపోతే పనిరోజుల్లో తెల్లవారుజామున నాలుగున్నర నుంచి పది లోపు ప్రయాణాలకి కనీస ఛార్జీ అని ఒకటుంది, డిస్కౌంట్ ఉన్నా టికెట్ రేటు అంతకన్నా తగ్గదు, అది ఒక్కో టికెట్‌కి విడిగా లెక్క వేస్తారు కాబట్టి మరీ చిన్న ముక్కలు చేస్తే ఆ డిస్కౌంట్ ఎగిరిపోతుంది. ఆ టైములో వెళ్తుంటే ముక్కలు చేసీ, చేయకుండా రెండు రకాలుగా రేటు చూసుకోండి. లండన్‌లో తిరిగేవాళ్ళైతే ఈ రైల్‌కార్డుని ట్యూబ్ (లండన్ మెట్రో) స్టేషన్ స్టాఫ్‌ని అడిగి ఆయిస్టర్ కార్డుకి, అంటే అక్కడ ట్యాప్ చేసి తిరిగే ప్రయాణ కార్డుకి, ఎక్కించుకోండి, ఆఫ్‌పీక్‌లో అక్కడా మూడో వంతు తగ్గుతుంది, బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే మాత్రం ఆ డిస్కౌంట్ రాదు.