గే సైనికులుంటే యూనిట్ ఐకమత్యం నిజంగా దెబ్బతింటుందా?

దెబ్బతినదు. అమెరికాలో 1993లో తెచ్చి 2011 దాకా నడిపిన 'అడగొద్దు, చెప్పొద్దు' విధానానికి చూపించిన కారణం సరిగ్గా ఈ భయమే. గే అని బయటపడితే ఉద్యోగం ఊడేది, అలా 13 వేల మందికి పైగా ఉద్యోగం పోగొట్టుకున్నారు, వాళ్లలో సైన్యమే ఖర్చు పెట్టి అరబిక్ నేర్పించిన వాళ్లు కూడా ఉన్నారు, అదీ ఇరాక్ యుద్ధం నడుస్తున్న రోజుల్లో. ఎంత అన్యాయం!

సామాజిక శాస్త్రవేత్తలు ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూస్తారు: తోటివాళ్లంటే ఇష్టం ఉండటం ఒకటి, అందరూ ఒకే పనికి కట్టుబడి ఉండటం ఇంకొకటి. యూనిట్ పనితీరుకి ముఖ్యం రెండోదేనని 1993లోనే అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ అధ్యయనం చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు.

2010లో పెంటగాన్ సర్వేకి సుమారు 1,15,000 మంది సైనికులు జవాబిచ్చారు. గే అని తాము అనుకున్న సహోద్యోగితో పనిచేసినవాళ్లలో 92 శాతం మంది, యూనిట్ కలిసి పనిచేసిన తీరు బాగుందనో ఫర్వాలేదనో అన్నారు. టెన్షన్ ఎక్కువగా కనిపించింది అలాంటి అనుభవం లేనివాళ్లలోనే.

బ్రిటన్‌లోనూ అంతే. గే సైనికులతో కలిసి పనిచేయబోమని ముందు సర్వేల్లో చాలామంది గట్టిగా చెప్పారు, కానీ యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పు తర్వాత 2000 జనవరిలో నిషేధం ఎత్తేస్తే మూకుమ్మడి రాజీనామాలేమీ రాలేదు. ప్రవర్తనా నియమాలు మాత్రం అందరికీ ఒకటే పెట్టారు.