లండన్ ఫ్లాటా, మాంచెస్టర్ ఇల్లా: రెండేళ్ల గడువు చూసుకోండి

మీకు లండన్‌లో ఫ్లాటు, మాంచెస్టర్‌లో ఇల్లు ఉన్నాయి; ఫ్లాటు అమ్మితే లాభంపై పన్ను ఎందుకని అడిగారు. ప్రధాన నివాసం అమ్మితే వచ్చే లాభానికి పన్ను మినహాయింపు ఉంటుంది. అయినా పన్ను పడుతుందని మీ అకౌంటెంటు అనడానికి కారణం బహుశా ఇది: రెండిళ్లలో ఏది ప్రధాన నివాసమో మీరు హెచ్ఎంఆర్‌సీకి (బ్రిటన్ పన్నుల శాఖకు) రాసి చెప్పలేదు. చెప్పకపోతే వాస్తవాలను బట్టి తేలుతుంది. భార్యాపిల్లలు, బడి మాంచెస్టర్‌లో ఉన్నాయన్నారు కాబట్టి మొగ్గు అటే.

1. ముందు తేదీ పట్టుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే. అలా రాసి చెప్పడానికి గడువు రెండేళ్లు, కానీ లెక్క ఫ్లాటు కొన్న రోజు నుంచి కాదు, అందులోనూ ఉంటూ మీకు రెండు నివాసాలు ఏర్పడిన రోజు నుంచి. మొదట అద్దెకిచ్చి, తర్వాత మీరు చేరి ఉంటే, చేరిన రోజే లెక్క.

2. గడువు మిగిలి ఉంటే ఉత్తరం రాయండి: ఏ ఇల్లు, ఏ తేదీ నుంచి. దంపతులకు కలిపి ఒకటే ప్రధాన నివాసం కాబట్టి ఇద్దరూ సంతకం పెట్టాలి.

3. దాటిపోయిందా? నివసించే ఇళ్ల సంఖ్యలో మార్పు వస్తే కొత్త గడువు మొదలవుతుంది. నిజంగా కాపురముంటున్న అద్దె ఇల్లు కూడా లెక్కే. కాగితం మీది అద్దె పనికిరాదు.

ఫ్లాటును ఎంచుకున్న కాలానికి మాంచెస్టర్ ఇంటికి మినహాయింపు పోతుంది. రాసేముందు రెండింటి లాభమూ లెక్కేయండి. అమ్మాక పన్ను తేలితే 60 రోజుల్లో తెలిపి కట్టాలి.