"మూత్రపిండాల చీ బలహీనం" అంటే కిడ్నీ జబ్బు కాదండీ

మోకాళ్ల నొప్పికి ఆక్యుపంక్చర్ (సూదులు గుచ్చే చైనా వైద్యం) చేయిద్దామని తీసుకెళ్తే, అక్కడివారు మీ అమ్మగారి నాడి చూసి "మూత్రపిండాల చీ (ప్రాణశక్తి) బలహీనంగా ఉంది" అన్నారని, అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదని రాశారు. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష మామూలుగానే వచ్చిందన్నారు కదా, ఆ మాటకు హడలిపోకండి. చైనా సంప్రదాయ వైద్యంలో మూత్రపిండం అంటే స్కానింగులో కనిపించే అవయవం ఒక్కటే కాదు. ఎముకలు, నడుము, మోకాళ్లు, వినికిడి, ముసలితనం అన్నీ దాని ఖాతాలోనే వేస్తారు. పెద్ద వయసులో మోకాళ్లు నొప్పి అన్నవారికి ఈ మాట తరచూ వినిపిస్తుంది.

ఈ చీ 12 ప్రధాన మార్గాల్లో ప్రవహిస్తుందని ఆ వైద్యం చెబుతుంది. శరీరాన్ని కోసి చూస్తే అలాంటి మార్గాలేవీ కనిపించవు. అయినా సూదులతో ఉపశమనం పొందేవారున్నారు. జర్మనీలో మోకాళ్ల నొప్పిపై జరిగిన పెద్ద అధ్యయనంలో శాస్త్రోక్తమైన బిందువుల్లో గుచ్చినా, వేరేచోట పైపైన గుచ్చినా ఫలితం ఇంచుమించు ఒకటే!

అమ్మగారు వార్ఫరిన్ వాడుతున్నారని మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతే నాకు ముఖ్యంగా తోచింది. రక్తం పలచబడే మందు కాబట్టి ముందు గుండె డాక్టరును అడగండి, సూదులు వేసేవారికీ చెప్పండి. ఎవరు చెప్పినా సొంతంగా మాత్ర ఆపవద్దు. మూలికల పొడి ఏదైనా ఇస్తే డాక్టరుకు చూపించకుండా వాడనివ్వకండి. కొన్ని మూలికలు వార్ఫరిన్‌తో పడవు.

సూది ప్యాకెట్టు మీ ఎదుటే చింపాలి. మోకాలిచిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, కాలి బయటివైపు జుసాన్‌లీ బిందువు ఉంటుంది. అక్కడ గుచ్చినప్పుడు బరువుగా, లాగినట్టు అనిపించడం మామూలే. కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే వెంటనే చెప్పమనండి.