నలభై దాటాక, ఉద్యోగం చేస్తూ హైదరాబాద్‌లో డిగ్రీ చదవొచ్చా?

నిక్షేపంగా చదవొచ్చు. అసలు 1982లో మొదలైన, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ) ఉన్నది ఇక్కడే. జూబ్లీహిల్స్‌లోని అంబేద్కర్ యూనివర్సిటీ అదే. ఇంటర్ లేనివాళ్లను కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకోవడం అప్పట్లో చిన్న సాహసం కాదు! చదువు ఆగిపోయిన గృహిణులకు, చిరుద్యోగులకు యూనివర్సిటీ గడప తొక్కే వీలు దొరికింది అలాగే. ఎక్కువగా ప్రభుత్వ కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు, సెలవు రోజుల్లో క్లాసులు కాబట్టి ఉద్యోగం మానక్కర్లేదు. దాని తొలి వైస్ ఛాన్సలర్ (వీసీ) జి. రాంరెడ్డే తర్వాత ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోకూ తొలి వీసీ అయ్యారు. ఉస్మానియా దూరవిద్య కేంద్రానికి ఉన్నది ఆయన పేరే. ఉర్దూ మీడియమైతే గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ (మనూ) ఉంది.

నాకు కనిపించే లోటు ఒకటే: డిగ్రీతో పనిలేకుండా ఏదో ఒక సబ్జెక్టు నేర్చుకుందామనుకునే పెద్దవాళ్లను మన యూనివర్సిటీలు అంతగా పట్టించుకోవు. ఫీజు కట్టేముందు మాత్రం ఆ కోర్సుకు ఈ ఏడాది యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) అనుమతి ఉందో లేదో చూసుకోండి.