పంట తిన్న పురుగుకి విగ్రహం ఎందుకు పెట్టారు?

ఇది అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న పట్టణంలో ఉంది. గులాబీ పురుగుతో వేగుతున్న మన పత్తిరైతుకి వింతగానే ఉంటుంది లెండి. 1915 ప్రాంతంలో ముక్కుపురుగు వచ్చిపడి అక్కడి పత్తి మొగ్గనీ కాయనీ తొలిచేసింది. దిక్కుతోచక రైతులు వేరుశనగకి మారారు. రెండేళ్లు తిరక్కుండానే చేతిలో డబ్బాడింది. ఆ కృతజ్ఞతతోనే 1919 డిసెంబర్ 11న నడివీధిలో స్మారకం ఆవిష్కరించారు. తమాషా ఏంటంటే, మొదట అందులో పురుగే లేదు! చేతులు పైకెత్తిన స్త్రీ విగ్రహం, అంతే. పురుగుని 1949లో చేర్చారు. ఇప్పుడామె దాన్ని పళ్లెంలో పెట్టినట్టు తలపైకి ఎత్తి పట్టుకుని ఉంటుంది. 1998లో ఆకతాయిలు విరగ్గొట్టాక అసలు విగ్రహాన్ని మ్యూజియంలో పెట్టి, వీధిలో నకలు నిలబెట్టారు.