క్రికోథైరాయిడ్ లిగమెంట్ గురించి వైవాలో అన్నిసార్లు ఎందుకు అడుగుతారు?

పుస్తకంలో నాలుగు లైన్లే ఉంది, వైవాలో (నోటి పరీక్షలో) మాత్రం వదలడం లేదని మీరు రాశారు. నేను మత్తు డాక్టర్ని. ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో నాకూ అది నాలుగు లైన్లే.

గొంతుముడి మీద వేలు పెట్టి నిదానంగా కిందికి జార్చండి. చిన్న పల్లం తగులుతుంది. దాని కింద గట్టిగా ఉండే ఉంగరం క్రికాయిడ్. ఆ పల్లంలో, చర్మానికి దగ్గరగా ఉన్నదే మీరడిగిన లిగమెంట్. పెద్దవాళ్లలో ఎత్తు సుమారు 1 సెంటీమీటరు, అంతే. కోనస్ ఎలాస్టికస్ అనే సాగే పొరకు ఇది ముందు భాగం. అదే పొర పక్కల నుంచి పైకి వెళ్తుంది, దాని పై అంచే మందమై, స్వరతంత్రుల లోపల ఉండే పట్టీ, అంటే వోకల్ లిగమెంట్ అవుతుంది. అంటే స్వరతంత్రులు ఈ పల్లానికి పైన ఉంటాయి. అక్కడ దారి మూసుకుపోయినా, ఇక్కడ కోసి గాలి పంపొచ్చు. వైవాలో రాబట్టాలని చూసేది ఈ మాటే.

నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబ్ పడక, మాస్క్‌తోనూ ఆక్సిజన్ వెళ్లకపోతే చేసేది అదే. బ్రిటన్‌లోని డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2015లో చెప్పిన పద్ధతికి 10 నంబరు బ్లేడు, బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నటి పొడవాటి కడ్డీ), 6 సైజు కఫ్ ట్యూబ్ (చివర గాలి బుడగ ఉండే శ్వాస గొట్టం) చాలు. క్రికోథైరాయిడ్ ధమని సాధారణంగా పొర పై భాగంలో అడ్డంగా పోతుంది కాబట్టి కోత క్రికాయిడ్ వైపుగా పెడతారు. చిన్నపిల్లల్లో ఈ జాగా మరీ ఇరుకు, అందుకే సాధారణంగా ముందే కత్తి జోలికి పోరు.

పీజీలో నాకు దీనితో పరిచయం సూది ద్వారా. గుట్కా నమిలి నోరు తెరుచుకోని పేషెంట్లకు, మెలకువలో స్కోప్ (కెమెరా గొట్టం) వేసే ముందు ఈ పొరలోంచి లిగ్నోకెయిన్ అనే తిమ్మిరి మందు ఇస్తాం. సిరంజిలో గాలి బుడగలు వచ్చాయంటే సూది సరైన చోట ఉన్నట్టు. మందు పడగానే పేషెంట్ దగ్గుతాడు, ఆ దగ్గే మందును పైకీ కిందికీ పూస్తుంది. సన్నటి మగవాళ్ల మెడల మీద చేసీ చేసీ నాకు చెయ్యి తిరిగిందనుకున్నాను.

ఒకరోజు పొట్టి, లావు మెడ ఉన్న ఒకావిడకు పెన్నుతో గుర్తు పెట్టాను. మా మేడమ్ అల్ట్రాసౌండ్‌తో చూస్తే నా గుర్తు థైరాయిడ్ మృదులాస్థికి పైనుండే థైరోహయాయిడ్ పొర మీద ఉంది, ఒక మెట్టు పైన! ఆడవాళ్లలో గొంతుముడి అంతగా పొడుచుకురాదు, నా వేలు దానికి పైనుండే హయాయిడ్ ఎముకనే గొంతుముడి అనుకుంది. సూది ఇంకా గుచ్చలేదు కాబట్టి బతికిపోయాను. అప్పటి నుంచి బొటనవేలు, మధ్యవేలితో హయాయిడ్‌ను పట్టుకుని అటూ ఇటూ కదిపి, థైరాయిడ్ మృదులాస్థి మీదుగా క్రికాయిడ్ దాకా దిగాకే గుర్తు పెడతాను.

హాస్టల్లో ప్రాక్టీస్ చేస్తే ఆడపిల్లల మెడల మీద వాళ్లనడిగి చేయండి. అబ్బాయిల మెడ మీద ఎవరికైనా దొరుకుతుంది.